లాడ్ బజార్‌లో పాత ల్యాప్‌టాప్ చేతులు మారితే: తెలంగాణ ఐటీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ



వాడిన ల్యాప్‌టాప్ అమ్మేసి, వచ్చిన సొమ్ముకు ఇంకాస్త కలిపి వేరే రకం కంప్యూటర్‌కు మారడం లాడ్ బజార్ గాజుల కొట్లకు ఇప్పుడు వాయిదా వేయలేని పనైంది. విండోస్ 10కు మామూలుగా ఇచ్చే భద్రతా అప్‌డేట్లను మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో ఆపేసింది. విడిగా నమోదు చేసుకున్నవాళ్లకు మరో ఏడాది పొడిగింపు దొరికింది గానీ అది గడువు జరపడమే. విండోస్ 11 ఎక్కాలంటే యంత్రంలో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి, అంటే 2017లో మొదలైన రకాల నుంచి మాత్రమే ఒప్పుకుంటుంది. అంతకు ముందు కొన్న ల్యాప్‌టాప్ ఎంత బాగా పనిచేస్తున్నా ఆ గీతకు అవతలే ఉండిపోతుంది. మూత విరగలేదు, తెర పగల్లేదు, అయినా మార్చక తప్పదంటే దుకాణదారుకు నమ్మకం కుదరదు. అందుకే ఈ మార్పిడి ఆలస్యంగా, హడావుడిగా, నష్టానికి జరుగుతోంది.

చార్మినార్ దగ్గర పడమటి దిక్కుకు తిరిగి, మహబూబ్ చౌక్‌లో 1892 నాటి గడియార స్తంభం వైపు సాగే సన్నని వీధి లాడ్ బజార్. ఇక్కడి లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. లక్కను నిప్పుల మీద మెత్తబరిచి, చుట్టగా చేసి, దాని మీద ఒక్కొక్క రాయినీ చేత్తో అద్దే పనిలో కంప్యూటర్‌కు చోటు లేదు. దాని చోటు గల్లా పెట్టె పక్కన. బిల్లులు, స్టాకు, జీఎస్టీ, బాకీల ఖాతా, అమెరికాకూ గల్ఫ్‌కూ పంపే పార్సిళ్ల చిరునామాలు, పెళ్లివారు వాట్సాప్‌లో పంపిన పట్టుచీరల, లెహంగాల ఫోటోలు అన్నీ ఒకే ల్యాప్‌టాప్‌లో ఉంటాయి. పగలు తండ్రి బిల్లులు కొట్టిన యంత్రం మీదే రాత్రి కొడుకో కూతురో కాలేజీ పని చేసుకోవడం కూడా మామూలే. అలాంటి యంత్రం చేతులు మారిందంటే దుకాణమూ ఇల్లూ రెండూ కలిసి కదిలినట్టే లెక్క.

ల్యాప్‌టాప్ అమ్మకం మాత్రం లాడ్ బజార్‌లో జరగదు. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లాలి. అబిడ్స్ జగదీశ్ మార్కెట్ ప్రధానంగా సెల్‌ఫోన్ల అడ్డా. మరీ పాడైపోయినవి జుమేరాత్ బజార్‌లో ఇనుప సామాన్ల పక్కన తేలుతాయి. వీటన్నిటికీ పోటీగా ఇంటికొచ్చి తీసుకెళ్లే యాప్‌లు వచ్చాయి. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ ధరను నిర్ణయించేది పాతబస్తీ నుంచి వచ్చే ఒకటి రెండు యంత్రాలు కావు. మాదాపూర్, గచ్చిబౌలి వైపు కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి ఒకేసారి వదిలించుకునే థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ రకాల గుట్టలే ఆ ధరను దించేస్తాయి. గట్టి శరీరం, మంచి కీబోర్డు ఉన్న కంపెనీ యంత్రం పక్కనే దొరుకుతుంటే, షోరూంలో కొన్న చవక ప్లాస్టిక్ ల్యాప్‌టాప్‌కు ఎవరూ ఎక్కువ పెట్టరు.

కొనేవాడు ముందు చూసేది ప్రాసెసర్ తరం. ఎనిమిది కంటే తక్కువైతే ధర కంప్యూటర్ ధరలా కాకుండా విడిభాగాల ధరలా మొదలవుతుంది. ఆ తర్వాత బ్యాటరీ. అడిగితే విండోసే బ్యాటరీ రిపోర్టు తీసి ఇస్తుంది. తయారైనప్పుడు ఎంత ఛార్జి పట్టేది, ఇప్పుడు ఎంత పడుతోంది అన్న రెండు అంకెలూ అందులో పక్కపక్కనే ఉంటాయి. మ్యాక్‌లో ఎన్నిసార్లు పూర్తిగా ఛార్జి అయిందో చూపించే లెక్క ఉంది, కొత్త మ్యాక్‌బుక్‌లకు వెయ్యి సార్లు యాపిల్ పెట్టుకున్న హద్దు. అటుపైన మూత కీలు, తెర మీద మచ్చలు, ఛార్జర్ పిన్ను. గాజుల కొట్టు నుంచి వచ్చిన యంత్రానికి ఇంకో పరీక్ష ఉంటుంది. చమ్కీ పొడి కీల సందుల్లోకీ ఫ్యాన్ రెక్కల్లోకీ దూరుతుంది, ఎంత తుడిచినా కొంత మెరుస్తూనే ఉంటుంది. లోపల దుమ్ము గడ్డకట్టి వేడెక్కుతుంటే ఆ వంకతో ఇంకో వెయ్యి తగ్గిస్తారు. అమ్మే ముందు ఏ రిపేరు కొట్టులోనైనా ఫ్యాన్ శుభ్రం చేయించి, ప్రాసెసర్ మీద పేస్టు మార్పిస్తే ఆ వంక పోతుంది. గాజుల బేరంలో ఎంతటి గడుసు గిరాకీకీ లొంగని వర్తకుడు, పార్క్ లేన్‌లో ఈ రిపోర్టు ముందు మాట పెగలక చెప్పిన ధరకు ఇచ్చేసి వస్తున్నాడు. తన సరుకు గురించి తనకు తెలియకపోవడమే అందుకు కారణం.

మారేవాళ్ల ముందు మూడు దారులున్నాయి. మొదటిది విండోస్ 11 ఉన్న యంత్రం కొనడం. ఇందులో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, డబ్బు ఉంటే పని తేలిక. రెండోది మ్యాక్‌కు వెళ్లడం. మూడోది అమ్మకుండా అదే యంత్రం మీద లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం వేసుకోవడం.

మ్యాక్ మీద గాజుల వర్తకుడి కన్ను పడటానికి గొప్పతనం ఒక్కటే కారణం కాదు. చవక ల్యాప్‌టాప్‌ల తెరలు చాలా రంగులను సరిగ్గా చూపించవు. రాణీ రంగుకూ గులాబీకీ, నెమలి కంఠానికీ నీలానికీ మధ్య తేడా ఆ తెర మీద మాసిపోతుంది. డల్లాస్‌లో ఉన్న పెళ్లికూతురు పంపిన బ్లౌజు ఫోటో చూసి సెట్టు కట్టి పంపిస్తే రంగు కలవలేదని తిరిగొస్తుంది. లక్క గాజు ఆమె కోసమే చేసింది కాబట్టి ఇంకొకరికి అమ్ముడుపోదు. మ్యాక్‌బుక్ తెర ఈ విషయంలో నమ్మదగినది, సెకండ్ హ్యాండ్‌లో కూడా. అయితే ఏ మ్యాక్ అన్నదే అసలు ప్రశ్న. యాపిల్ 2020 నవంబరులో సొంత ఎం1 చిప్‌తో యంత్రాలు తెచ్చింది. అంతకు ముందువి ఇంటెల్‌వి. 2025లో వచ్చిన మ్యాక్ఓఎస్ టాహో ఇంటెల్ మ్యాక్‌లకు ఆఖరిదని యాపిలే ప్రకటించింది. అందువల్ల చవగ్గా వచ్చిందని ఇంటెల్ మ్యాక్ కొంటే, విండోస్ 10 నుంచి పారిపోయి వచ్చినవాడు కొద్ది కాలానికే మళ్లీ అదే గీత ముందు నిలబడతాడు.

ఇంకా పెద్ద చిక్కు తాళం. పాత యజమాని తన యాపిల్ ఖాతా నుంచి యంత్రాన్ని విడిపించకుండా అమ్మితే యాక్టివేషన్ లాక్ పడుతుంది. ఆయన పాస్‌వర్డ్ లేనిదే ఆ మ్యాక్ తెరుచుకోదు. కంపెనీలు తమ ల్యాప్‌టాప్‌లకు దూరం నుంచి వేసే నిర్వహణ తాళం మరోటి. మ్యాక్‌లోనూ విండోస్‌లోనూ రెండింటిలోనూ ఉంది ఇది. కొట్టులో చూసినప్పుడు అంతా బాగానే కనిపిస్తుంది. ఇంటికి తెచ్చి, మొత్తం తుడిచి, ఇంటర్నెట్‌కు కలిపిన క్షణాన తెర మీద ఏదో కంపెనీ పేరు ప్రత్యక్షమై ఉద్యోగి ఐడీ అడుగుతుంది. కొనే చోటే, డబ్బు ఇవ్వకముందే, ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి, యంత్రాన్ని మొదటి నుంచి సెటప్ చేయించి, డెస్క్‌టాప్ కనిపించేదాకా కూర్చోవడం ఒక్కటే దీనికి మందు. అరగంట పడుతుంది. అంతసేపు కూర్చోనివ్వని కొట్లో కొనకపోవడం మేలు.

లినక్స్ దారి గురించి పాతబస్తీలో వినికిడి తక్కువ. నిజానికి ఏడో తరం లోపు యంత్రానికి బయట వచ్చే ధర చూస్తే అమ్మడం కంటే ఇదే లాభం. నాలుగు జీబీ మెమరీ ఉన్న పాత ల్యాప్‌టాప్‌కు ఇంకో నాలుగు జీబీ, ఒక చిన్న ఎస్ఎస్‌డీ వేయిస్తే లినక్స్ హాయిగా నడుస్తుంది. లైసెన్సు డబ్బు లేదు, అప్‌డేట్లు ఆగవు, లిబ్రే ఆఫీస్‌లో ఎక్సెల్ ఫైళ్లు తెరుచుకుంటాయి. తెలుగులో లినక్స్ తెచ్చిన స్వేచ్ఛ ఉద్యమం హైదరాబాద్‌దే. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్‌లోనూ తెలుగు ఉంది. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్ల తరబడి లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు కాబట్టి, సామాన్యులకు అది చేతకాదన్న మాట చెల్లదు. ఇక్కడ అడ్డు వచ్చేది అలవాటు ఒక్కటే కాదు. మిగతా అడ్డంకుల్లో మొదటిది ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్.

బెంగళూరులో పుట్టిన ట్యాలీ విండోస్ మీదే నడిచే సరుకు. మ్యాక్‌లో నడపాలంటే లోపల విండోస్‌ను మరో పొరగా పెట్టుకోవాలి, లేదంటే నెలనెలా అద్దె కట్టి దూరపు సర్వర్ మీద నడుపుకోవాలి. ఎం1 నుంచి వచ్చిన మ్యాక్‌లలో, ఇంటెల్ మ్యాక్‌లలో లాగా విండోస్‌ను విడిగా బూట్ చేసుకునే వీలు కూడా లేదు. దుకాణం లెక్కలన్నీ ట్యాలీలో ఉంటే, మ్యాక్ ధరకు ఈ ఖర్చు కూడా కలిపి చూడాలి. అమ్మేవాడికి ఇంకో సంగతి ఉంది. ఒక యూజర్ లైసెన్సు ఒక యంత్రానికి కట్టుబడి ఉంటుంది. ట్యాలీలోనే లైసెన్సును సరెండర్ చేసి, ఆ తర్వాతే కొత్త యంత్రం మీద తిరిగి యాక్టివేట్ చేసుకోవాలి. సరెండర్ చేయకుండా ల్యాప్‌టాప్ అమ్మేసి, తర్వాత లైసెన్సు కోసం ట్యాలీ పార్ట్‌నర్ చుట్టూ తిరగడం వర్తకులకు కొత్త కాదు. విండోస్ లైసెన్సు సంగతి దీనికి ఎదురు. కంప్యూటర్‌తో పాటు వచ్చిన విండోస్ ఆ మదర్‌బోర్డుకే అంటుకుని ఉంటుంది, దాన్ని వెంట తెచ్చుకోలేరు. కొనేవాడికి అది లాభం కాబట్టి ధరలో అడగొచ్చు.

దుకాణం కంపెనీగానో ఎల్ఎల్‌పీగానో నమోదైతే జీఎస్టీ రిటర్నులకు డిజిటల్ సంతకం టోకెన్ కావాలి. దాని డ్రైవరు కొత్త ప్లాట్‌ఫాంలో పనిచేస్తుందో లేదో ముందే చూసుకోవాలి. సొంత పేరు మీద వ్యాపారం చేసేవాళ్లకు ఫోన్‌కు వచ్చే ఓటీపీ చాలు, వాళ్లకు ఈ తిప్పలు లేవు. బిల్లు కొట్టే థర్మల్ ప్రింటరుకూ లేబుల్ ప్రింటరుకూ ఇదే జాగ్రత్త.

ఇంత చేసినా మిగిలే ప్రమాదం ఒకటుంది. అది గాజుల కొట్లకే ప్రత్యేకం, కంప్యూటర్ పుస్తకాల్లో దొరకదు. గాజు కొలతను 2.4, 2.6, 2.8, 2.10 అని రాస్తారు. చుక్క తర్వాతి అంకె దశాంశం కాదు, అంగుళంలో పదహారో వంతులు. రూపాయికి పదహారణాల లెక్క ఎలాగో ఇదీ అలాగే. 2.4 అంటే రెండుంబావు అంగుళాలు, 2.8 అంటే రెండున్నర, 2.10 అంటే రెండున్నర దాటి ఇంకో రెండు పదహారో వంతులు. ట్యాలీలో ఇవి సరుకు పేరులో భాగంగా అక్షరాల్లా ఉన్నంతకాలం ఏమీ కాదు. ప్లాట్‌ఫాం మారేటప్పుడు స్టాకు పట్టికను సీఎస్‌వీ ఫైలుగా తీసి, కొలత ఒక్కటే ఉన్న గడితో సహా ఎక్సెల్‌లోనో యాపిల్ నంబర్స్‌లోనో లిబ్రే ఆఫీస్‌లోనో తెరిస్తే, కొలతను అది అంకెగా చదువుతుంది. 2.10 కాస్తా 2.1 అయిపోతుంది. వరసలో పేర్చమంటే 2.4 కంటే ముందుకొచ్చి, పెద్ద చేతుల గాజులు చిన్న పిల్లల గాజుల సరసన చేరతాయి. కొలతను 2-10 అని రాసే అలవాటున్న కొట్లలో అది ఏకంగా తేదీగా మారిపోతుంది. వందల డిజైన్లు, ఒక్కో డిజైన్‌కు నాలుగు కొలతలు ఉన్న కొట్లో ఈ తప్పు పండగ ముందు సరుకు తెప్పించేదాకా బయటపడదు. ఫైలు తెరిచేటప్పుడే ఆ గడిని టెక్స్ట్ అని చెప్పి తెరవాలి. తెరిచి, సేవ్ చేసేశాక వెనక్కి తేలేరు, అసలు ఫైలు నకలు ఉంటే తప్ప.

భాష సంగతి దీనికంటే లోతు. లాడ్ బజార్ బోర్డులు, బిల్లు పుస్తకాలు, విజిటింగ్ కార్డులు చాలావరకు ఛత్తా బజార్ ప్రెస్సుల్లో తయారవుతాయి. పెళ్లి కార్డులకు పేరుపడ్డ ఆ సందుల్లో ఒకప్పుడు కాతిబులు చేత్తో రాసిన ఉర్దూ, తర్వాత ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లింది. మీర్జా అహ్మద్ జమీల్ మోనోటైప్ సంస్థతో కలిసి 1981లో తెచ్చిన నూరీ నస్తాలీఖ్ అక్షరాలే 1994 నుంచి ఇన్‌పేజ్‌కు ప్రాణం. తెలుగు పని ‘అను’ అనే ఫాంట్లలో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో జరుగుతుంది. పేజ్‌మేకర్ ఆఖరి రకం 2001లో వచ్చింది. ఈ రెండు లోకాలూ ఇక్కడ విండోస్ మీద నడిచేవే. అను ఫాంటులో చేసిన ఫైలులో నిజానికి తెలుగు అక్షరాలు ఉండవు, ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలకు తెలుగు బొమ్మ తొడిగి ఉంటుంది. ఆ ఫాంటు లేని మ్యాక్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. వెతికితే దొరకవు, వాట్సాప్‌లో అతికిస్తే చదవరావు. పదిహేనేళ్ల దుకాణం ధరల పట్టికలు, బోర్డుల డిజైన్లు అలా మూగబోతాయి.

ఇక్కడ ఒక వింత కూడా ఉంది. అను వాడే డీటీపీ ఆపరేటర్లలో చాలామంది చేతికి అలవాటైన అమరిక పేరు యాపిల్ కీబోర్డు. జీవితమంతా విండోస్ మీద ఆ యాపిల్ అమరికలో కొట్టినవాడు అసలు యాపిల్ కంప్యూటర్ ముందు కూర్చుంటే, అందులో వచ్చే తెలుగు కీబోర్డు వేరు! వేళ్లు మళ్లీ బడికి వెళ్లాల్సిందే. యాపిల్‌కూ తెలుగుకూ మధ్య పేచీలు ఎరగనివి కావు. 2018 ఫిబ్రవరిలో జ్ఞ గుణింతంలోని ఒక కూర్పు సందేశంలో వచ్చిందంటే చాలు, ఐఫోన్లలో, మ్యాక్‌లలో యాప్‌లు కుప్పకూలిపోయేవి. ఆ నెలలోనే యాపిల్ దాన్ని సరిచేసింది. అలాంటి లోపాలు కంపెనీ దిద్దుకుంటుంది. పాత ఫాంట్లలో చిక్కుకున్న ఫైళ్లను మాత్రం ఏ కంపెనీ విడిపించదు. ఔత్సాహికులు సొంత ఖర్చుతో చేసిన అను నుంచి యూనికోడ్ మార్పిడి పరికరాలు కొన్ని ఉన్నాయి, ఒత్తుల దగ్గర తడబడినా చాలావరకు పని జరుగుతుంది. పాత యంత్రం ఇంకా చేతిలో ఉండగానే ఈ మార్పిడి చేసుకోవాలి. అమ్మేశాక చేయడానికి ఫాంటూ ఉండదు, సాఫ్ట్‌వేరూ ఉండదు.

తుడవడం దగ్గర వర్తకులు చేసే పొరపాటు ఒకటే. ఫైళ్లు డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ ఖాళీ చేసి అయిపోయిందనుకుంటారు. పాత హార్డ్ డిస్క్‌లో అలా తీసేసినవి తిరిగి తోడే సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. విండోస్ రీసెట్‌లో అన్నీ తీసేయమన్నాక, డ్రైవును శుభ్రం చేయమనే రెండో ఎంపిక కూడా పెట్టాలి. గంటలు పట్టినా సరే. కొత్త రకం మ్యాక్‌లలో మొత్తం సమాచారాన్నీ సెట్టింగులనూ చెరిపే ఆదేశం ఒక్కటే సరిపోతుంది. దానికి ముందు వాట్సాప్‌లో లింక్ అయిన పరికరాల జాబితాకు ఫోన్ నుంచి వెళ్లి ఆ ల్యాప్‌టాప్‌ను తీసేయాలి. బ్రౌజర్‌లో దాచిన బ్యాంకు, జీఎస్టీ పాస్‌వర్డులు మార్చాలి. ఆ యంత్రంలో ఉన్నవి దుకాణం రహస్యాలే అయితే నష్టం దుకాణంతో పోయేది. పెళ్లికూతుళ్ల ఫోటోలు, ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు నమ్మి ఇచ్చినవాళ్లవి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఆ బాధ్యతను చిన్న వర్తకుడి దాకా తెచ్చింది.

పన్ను లెక్క చాలామందికి తెలియదు. జీఎస్టీ కాకుండా 60,000 రూపాయలకు ల్యాప్‌టాప్ కొని, దాని మీద కట్టిన 10,800 పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకున్న దుకాణాన్ని చూద్దాం. మూడేళ్ల తర్వాత దాన్ని 15,000కు అమ్మితే, క్రెడిట్‌లో మూడు నెలలకు అయిదు శాతం చొప్పున అరవై శాతం తీరిపోయి 4,320 మిగులుతుంది. అమ్మకం ధర మీద 18 శాతం చూస్తే 2,700. రెండింట్లో ఏది ఎక్కువైతే అది, అంటే 4,320 కట్టాలి. ఆదాయపు పన్ను వైపు ఏటా నలభై శాతం తరుగుదల కాబట్టి ఆ మూడేళ్లలో పుస్తకాల్లో విలువ 12,960కి దిగుతుంది. క్రెడిట్ తీసుకోనివాళ్లకు, కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లకు మొదటి లెక్క వర్తించదు. సెకండ్ హ్యాండ్ సరుకు కొని అమ్మే వ్యాపారి, కొన్నప్పుడు క్రెడిట్ తీసుకోకపోతే, కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడా మీద మాత్రమే పన్ను కట్టే వెసులుబాటు కూడా జీఎస్టీ నియమాల్లో ఉంది. కొత్తది ఇస్తూ పాతది తీసుకునే ఎక్స్ఛేంజ్‌లో మాత్రం పన్ను పాతదాన్ని తీసేశాక మిగిలిన మొత్తం మీద కాదు, కొత్తదాని పూర్తి మార్కెట్ ధర మీద. ఎక్స్ఛేంజ్ తగ్గింపు చూసి పన్ను కూడా తగ్గుతుందనుకున్నవాళ్లు బిల్లు చూశాక నొచ్చుకుంటారు. ఇదే నియమం కింద చట్టం ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి 40,000 రూపాయలూ ఒక ప్రింటరూ తీసుకుని ల్యాప్‌టాప్ ఇవ్వడం గురించే కావడం విశేషం.

ఇక దొంగసొత్తు భయం. ఫోన్ పోతే ఐఎంఈఐ నంబరుతో దాన్ని అడ్డుకుని వెతికే సీఈఐఆర్ వ్యవస్థ 2023 ఏప్రిల్‌లో తెలంగాణలో, మే నెలలో దేశమంతటా అందుబాటులోకి వచ్చింది. పోయిన ఫోన్లను వెతికి పట్టుకోవడంలో రాష్ట్ర పోలీసులు మంచి పేరు తెచ్చుకున్నారు. సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేవాడు ఆ నంబరును ముందే పరీక్షించుకోవచ్చు. ల్యాప్‌టాప్‌కు అలాంటి దిక్కు లేదు. అడుగున ఒక సీరియల్ నంబరు ఉంటుంది, దాన్ని అడిగి చూసే చోటు లేదు. దొంగసొత్తని తెలిసో, అలా నమ్మడానికి కారణం ఉండో కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. తెలియక కొన్నవాడికి శిక్ష లేకపోయినా యంత్రం పోతుంది, స్టేషన్ చుట్టూ తిరగడం తప్పదు. పాతబస్తీ వర్తకులు నిక్కచ్చి బిల్లు లేని ల్యాప్‌టాప్ ముట్టుకోకపోవడానికి ఇదే కారణం. నిజాయితీగా అమ్మదలచినవాడు బిల్లు పోగొట్టుకుని ఉంటే ధర సగానికి పడిపోవడానికీ ఇదే కారణం.

ఎవరూ కొనని యంత్రం తుక్కులోకి పోతుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాలు, బాగుచేసి తిరిగి అమ్మే రిఫర్బిషర్లు కూడా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదు కావాలంటున్నాయి. పనిచేసే యంత్రానికి ఇంకో అయిదేళ్ల ఆయువు ఇవ్వడం చట్టం కోరుకునే పనే. రెండు గదుల కొట్లో కూర్చుని ల్యాప్‌టాప్‌లు బాగుచేసే కుర్రాడికి ఆ నమోదు తనకూ వర్తిస్తుందని కూడా తెలియదు.

ఈ మార్పిడిలో దుకాణదారు పోగొట్టుకునే సొమ్ములో ల్యాప్‌టాప్ ధర వాటా తక్కువ. ఎక్కువ భాగం లెక్కల్లో, ఫాంట్లలో, కాగితం లేకపోవడంలో పోతోంది. అందువల్ల కొత్త ల్యాప్‌టాప్‌లకు సబ్సిడీ ఇవ్వమని అడగడం వృథా. ఆ డబ్బు కంపెనీలకు చేరుతుంది, పాత ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. శాఖ చేయగలిగినవి చవకైనవీ, ఇప్పటికే సగం తయారుగా ఉన్నవీ.

ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2011లో యూనికోడ్ కన్సార్టియంలో సభ్యత్వం తీసుకుంది. ఆ తర్వాత అందరూ ఉచితంగా వాడుకునే తెలుగు యూనికోడ్ ఫాంట్లు వచ్చాయి. అక్షరాలు వచ్చాయి గానీ పాత అక్షరాల్లో చిక్కుకున్న రాతను కొత్తవాటిలోకి తెచ్చే పని ఔత్సాహికుల మీదే పడింది. అను, ఇన్‌పేజ్ ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే పరికరాన్ని శాఖ సొంతంగా చేయించి, సోర్సు కోడుతో సహా బయట పెట్టాలి. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడవాలి. ఉర్దూ 2017 నుంచి రాష్ట్రానికి రెండో అధికార భాష కాబట్టి నస్తాలీఖ్‌ను తర్వాత చూద్దాం అనడానికి వీల్లేదు. చిన్న వ్యాపారుల కోసం ప్రభుత్వం చేయించే ఏ సాఫ్ట్‌వేరైనా ఒక్క విండోస్‌కే పరిమితం కాకూడదన్న షరతు టెండరులోనే రాస్తే, ముందు ముందు ఈ గొలుసు ఇంకో తరానికి చుట్టుకోదు.

ల్యాప్‌టాప్ సీరియల్ నంబర్లకు ఒక నమోదు పట్టిక రాష్ట్ర పోలీసుల చేతిలో ఉండాలి. ప్రతి యంత్రాన్నీ నమోదు చేయమని ఒత్తిడి అక్కర్లేదు. పోయిందని ఫిర్యాదు వచ్చిన నంబర్లు ఒక్కటే అందులో ఉన్నా చాలు, కొనేవాడు ఫోన్‌లో నంబరు కొట్టి చూసుకుంటాడు. అమ్మేవాడు ఇచ్చే రసీదు మీసేవలో ఒక పేజీగా దొరకాలి. సీరియల్ నంబరు, ఇద్దరి పేర్లు, ధర, డ్రైవు తుడిచిన తేదీ, యాక్టివేషన్ లాక్ తీశారా లేదా అన్న గడి, ఇంతే. బిల్లు పోయినవాడికి సొంత ప్రమాణంతో రసీదు రాసుకునే వీలు అందులోనే ఉండాలి. పన్ను లెక్కను పైన చూపిన అంకెల్లాంటి ఒక్క ఉదాహరణతో వాణిజ్య పన్నుల శాఖ అదే కాగితం వెనక అచ్చువేయవచ్చు.

వీటిని వాడటం నేర్పడానికి చార్మినార్ దగ్గర శిబిరం పెడితే, అక్కడ ఇద్దరు మనుషులు కావాలి: ఫైళ్లు మార్చి చూపించేవారు ఒకరు, డ్రైవు తుడిచి కాగితం ఇచ్చేవారు ఒకరు. రంజాన్ నెలలో పెడితే ఎవరూ రారు, ఆ నెల రాత్రులు కొట్లు తెల్లవార్లూ కిటకిటలాడతాయి. పెళ్లి ముహూర్తాల రోజులూ అంతే. మిగతా రోజుల్లో లాడ్ బజార్ నిదానంగా తెరుచుకుంటుంది. గిరాకీ మొదలుకాకముందు, ఉదయం పదకొండు లోపు, వర్తకులు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని రాగలరు.